కిటికీ గట్టు మీద చెయ్యి

నాన్న గుండె పంపింగ్ బాగా తగ్గిందని తెనాలి డాక్టరు చెప్పినప్పటి నుంచి మా రేపల్లె ఇంట్లో తెల్లారేది బరువు మిషన్‌తోనే. కాఫీ కూడా తాగకముందే ఆయన మిషనెక్కాలి, నేను అంకె రాసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే, వెంటనే తీసుకురమ్మన్నారు.

నాకసలే నోరెక్కువ. భయమేస్తే ఇంకా ఎక్కువ. బాపట్లలో మేనత్త మనవరాలి పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు నాన్న కిలోన్నర పెరిగాడు. "పులిహోర తిన్నావా? గోంగూర పచ్చడి కూడానా? ఉప్పు నీకు విషమని ఎన్నిసార్లు చెప్పాలి? నన్ను చంపుతావా ఏంటి నాన్నా!" అని వీధంతా వినేలా అరిచాను. ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

రెండో రోజుకి మళ్లీ ఎప్పటి అరవై రెండు కిలోలకే దిగాడు. ఆ వారమంతా అంతే. నా అరుపులు పనిచేశాయని మురిసిపోయాను కూడా. కానీ ఆయనకి చెప్పులు పట్టడం లేదు. చీలమండ మీద వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. రెండు దిండ్ల మీద పడుకునేవాడు, పల్చబడ్డాయంటూ మూడోది అడిగాడు. ఆయాసంగా ఉందా అంటే లేదంటాడు. అంకె చూస్తే బాగానే ఉంది, మనిషిని చూస్తే లేదు. మిషనే పాడైందేమోనని నేనెక్కి చూశాను. సరిగ్గానే చూపించింది.

మర్నాడు అంకె వదిలేసి ఆయన్నే చూశాను. పక్కనున్న కిటికీ గట్టు మీద అరచెయ్యి ఆనించి, బరువంతా దానిమీద మోపుతున్నాడు. కాటా వేసేటప్పుడు ధాన్యం బస్తాకి ఎవడి మోకాలు తగిలినా ఇట్టే పట్టేసే రైతు మా నాన్న!

"చెయ్యి తియ్యి నాన్నా."

తీశాడు. అరవై ఆరు.

"ఎందుకిలా చేశావు?"

"పెరిగితే నువ్వు గోల పెడతావు కదమ్మా," అన్నాడు, నేల చూస్తూ.

కారు మాట్లాడుకుని తెనాలి పరుగెత్తాం. ఆయన ఊపిరి ఆగి ఆగి వస్తుంటే దేవుడా, దేవుడా అనుకుంటూ కూర్చున్నాను.

"ఆయాసం ఎన్నాళ్ల నుంచండి?" అని అడిగాడు డాక్టరు.

నాన్న చెప్పొచ్చా అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

"చెప్పు నాన్నా. ఏమీ అనను."

"పది రోజులైందండి," అన్నాడు.

ఆ పది రోజులూ నేను పక్క గదిలోనే ఉన్నాను.