అక్క కడిగిన సీసాలు

మా అక్కకి శుభ్రం పిచ్చి. కుర్చీ తుడుస్తుంది, తుడిచిన గుడ్డని ఉతుకుతుంది, ఉతికిన సబ్బుని కూడా కడుగుతుంది. ఆ పిచ్చి చూసే నీళ్ళ పరీక్ష ఆఫీసులో సీసాలు కడిగే పని ఇచ్చారని మా ఆయన ఎగతాళి. పదహారేళ్ళుగా అదే పని. వీధి కుళాయిల నీళ్ళు పట్టి తెచ్చేది ఆ సీసాల్లోనే. వాటిలో క్రిములున్నాయో లేవో చూసి కాగితం రాసేది లోపలి గదిలో పరీక్షలు చేసే పెద్దాయన.

ఆ కాగితాల ధీమాతోనే ఒకరోజు మా వంటింట్లో నన్ను దులిపేసింది.

"ఇంకా నీళ్ళు కాస్తున్నావా? గ్యాసు దండగ! మీ వీధి నీళ్ళు బంగారం. కాగితం నా కళ్ళతో చూశాను."

అక్క మాటంటే నాకు వేదవాక్కు. కాచడం మానేశాను.

రెండు నెలలకి నా కూతురు మంచం పట్టింది. ఏడేళ్ళ పిల్ల, నోరు మూయమంటే మూయని పిల్ల, కళ్ళు తెరవడానికే ఆయాసపడుతోంది. టైఫాయిడ్ అన్నాడు డాక్టరు. "నీళ్ళు కాచి తాగుతున్నారా?" అని అడిగాడు. నేను అక్క వైపు చూశాను. "నీళ్ళు కాదండీ, బయట ఏదో తినుంటుంది" అని అక్కే అడ్డుపడింది. పక్కింటి పిల్లకీ అదే జ్వరమని తెలిసిన రోజు మాత్రం నోరెత్తలేదు.

పదో రోజు అక్క పిల్ల గ్లాసుని తన పద్ధతిలో బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, కాచిన నీళ్ళు పోసి నోటికందించింది. పిల్ల మొహం తిప్పేసుకుంది.

"వాసన, పెద్దమ్మా."

అక్క గ్లాసు వాసన చూసి అలాగే నిలబడిపోయింది.

"ఏమైందే?" అన్నాను.

"ఆఫీసులో సీసాలకి ఆవిరి పట్టే పెట్టె చెడిపోయి రెండేళ్ళయింది. అది లేదు కదా అని నేనే బ్లీచింగ్‌తో కడుగుతున్నా. ఇంకా శుభ్రంగా ఉంటుందని అడుగున కాస్త వదిలేస్తున్నానే." "ఆ మందుకి క్రిములు సీసాలోనే చచ్చిపోతే, పరీక్షలో ఇంకేం కనిపిస్తాయి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "అయ్యుంటుందేమో, కాదేమో అంటూ నన్ను చంపకు. వెళ్ళి చూసి చెప్పు!" అని అరిచాను.

మర్నాడే అక్క రెండు సీసాలు తెచ్చింది. ఒకటి తన పద్ధతిలో కడిగింది. రెండోదాన్ని మూతతో సహా మా పొయ్యి మీద అరగంట మరిగించింది. రెండిట్లోనూ మా కుళాయి నీళ్ళే పట్టింది. ఆఫీసులో పెద్దాయన్ని బతిమాలి, ఆయన చూస్తుండగా తన చేత్తోనే ఒక్కో సీసాలోంచి ఒక్కో చుక్క, క్రిములు పెరిగే జెల్లీ పోసిన ఒక్కో గాజు పళ్ళెంలో వేసింది. వెచ్చటి పెట్టెలో పెట్టి రెండు రోజులు ఆగాలట. ఆ రెండు రోజులూ అక్క అన్నం ముట్టలేదు. పిల్ల జ్వరం నూట మూడు కిందికి దిగలేదు. దేవుడికి ఏమని మొక్కుకోవాలో కూడా నాకు తెలియలేదు. నీళ్ళు మంచివని తేలాలా, చెడ్డవని తేలాలా?

మూడో రోజు పొద్దున్న నన్ను ఆఫీసుకి వెంటబెట్టుకుపోయింది. పెట్టె ముందు ఆగిపోయింది.

"నువ్వు తియ్యవే. నాకు భయంగా ఉంది."

నాకు మాత్రం లేదా భయం? కళ్ళు మూసుకుని తీశాను. ఒక పళ్ళెం అద్దంలా ఉంది. రెండోదాని నిండా ఆవాలు చల్లినట్టు చుక్కలు.

"నీ సీసాది ఏదే?"

"శుభ్రంగా ఉన్నది" అంటూ అక్క నేల మీద కూలబడింది.

రెండేళ్ళ కాగితాలు. ఎన్ని వీధులో, ఎన్ని ఇళ్ళో. పెద్దాయన మొహం పాలిపోయింది. "ఇవి కడిగేసి ఊరుకుందామమ్మా. రేపటినుంచి జాగ్రత్తగా ఉంటే సరి" అన్నాడు మెల్లగా.

"ఉద్యోగం పోతుందే" అంది అక్క నాతో. అక్కకి ఉన్న ఆధారం అదొక్కటే.

అక్క లేచింది. రెండు పళ్ళేలూ పట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్ళింది. "ఎవరిదీ నిర్వాకం?" అన్న కేక నాకు బయటికే వినిపించింది.

"నాదే సార్. తిట్లు తరవాత తిట్టండి. ముందు ఆ కుళాయిలు ఆపించండి."

ఆ సాయంత్రం పిల్ల దాహమంది. ఒళ్ళింకా కాలుతూనే ఉంది. గిన్నెలో నీళ్ళు తెర్లగానే స్టవ్ కట్టబోతే, అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంకాసేపు కాగనీవే" అంది.