ముక్కలు ముక్కలుగ కోసిన పేరు

మా ఆయన పోయినంక ఏడాది మాసికం దగ్గరికొస్తున్నదనంగ కార్ఖానా మగోళ్లు నలుగురు మా ఇంటికొచ్చిండ్రు. "వదినా, గేటు కాడ నీళ్ల టాంకీ పెడ్తున్నం. దాని మీద అన్న పేరు ఏపిస్తం. ఏం రాయాల్నో నువ్వే చెప్పు" అన్నరు. మేము బతకనీకి వచ్చిన ఈ ఊర్ల, లింబాయత్‌ల, బట్ట నేసే ఆ సాంచల కార్ఖానాల మా ఆయన ముప్పై ఏండ్లు నిలవడ్డడు. పనికి పోయేటప్పుడు సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టుకొని నీళ్లు తీసుకపోయేటోడు. లోపల ఉడుకపోతకు అందరు గవే తాగేటోళ్లు. అందుకే వాళ్లకు టాంకీ ఆలోచన వచ్చింది.

పేరు ఒక్కటే సాలు, గని తెలుగుల ఉండాలె అన్న. ఆ ఒక్క మాట నాదే. ఇప్పటికీ యాదికొస్తె నా నోరు నేనే కొట్టుకోవాలనిపిస్తది.

ఎందుకన్న అంటె, ఆయనకు వచ్చిన చదువు అదొక్కటే. పగార్ తీసుకునే కాడ ఎవలేం గీకినా ఆయన మాత్రం తెలుగుల సంతకం పెట్టేటోడు, జర మెల్లగ, నాలుక బయట పెట్టి. ఇన్నేండ్లు ఈ ఊర్ల అర్థం కాని బోర్డుల కింద నడిచిండు. ఒక్క బోర్డన్న ఆయన చదవగలిగేది ఉండాలె అని నా మనసుల పడ్డది.

మా బిడ్డ పెండ్లి కార్డులు, బిల్లు బుక్కులు చేసే దుకాణంల కంప్యూటర్ మీద పనిచేస్తది. పుట్టింది ఇక్కడ్నే, చదివింది హిందీ బడిల. తెలుగు మంచిగ మాట్లాడ్తది, అక్షరం మాత్రం ఒక్కటి రాదు. నేను రెండో తరగతి దాక చదివిన. కూడబలుక్కుంట చదువుత, కంప్యూటర్ ముట్టరాదు. ఇద్దరం కలిస్తె ఒక మనిషి పని. దుకాణం సేఠ్ మరాఠీ పెద్దమనిషి. "నేను తిండికి పోయిన గంటసేపు మీ పని చేసుకోండ్రి" అన్నడు.

ఆ కంప్యూటర్‌ల తెలుగు ఫాంట్ పాతది ఒక్కటి ఉండె. ఎన్నడో తెలుగోళ్ల పెండ్లి కార్డుల కోసం ఎవలో ఏసిపోయిండ్రట. అదెట్లుంటదంటె అక్షరం ఒక ముక్క, తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క. అన్ని ఒకదాని మీద ఒకటి అతికిచ్చుకోవాలె. ఏ మీట కొడ్తె ఏదొస్తదో తెల్వదు. బిడ్డ ఒక్కొక్కటి కొట్టుడు, నేను చూసుడు.

"ఇదా అమ్మా?"

"కాదు."

"ఇదా?"

"కాదే, దానికి తోక లేదు."

"తోకలు, కొమ్ములు! బాపు పేరుల ఇన్ని జంతువులున్నయా?"

ఇద్దరం నవ్వినం. ఆయన పోయినంక మా ఇంట్ల గదే మొదటి నవ్వు. రెండు రోజులల్ల ఐదు అక్షరాలు అయినయి. పేరు తెర మీద నిండుగ కనపడ్డది. నేను అద్దం మీద చెయ్యి పెట్టిన. మరకలైతయి తియ్యి అన్నది బిడ్డ, మల్ల తనే తుడిచింది.

రేడియం స్టిక్కర్ కోసే దుకాణం వేరే ఉంటది, వడోద్ దిక్కు. బండ్ల మీద మెరిసే అక్షరాలు ఉంటయి గద, గవి. బిడ్డ ఫైల్ పంపింది. కొద్దిసేపటికి ఆ దుకాణాయన ఫోన్ చేసిండు. "బెన్, యే క్యా భేజా? అంగ్రేజీ హై, బీచ్ మే డాలర్ హై!" అని నవ్వుతుండు. ఆయన కంప్యూటర్‌ల మన ఫాంట్ లేదు గద, అందుకని మా ఆయన పేరు అక్కడ ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు అయిపోయినయి.

బిడ్డ చెప్పింది, "దీన్ని గీతలు చేసి పంపాలె అమ్మా. గీతలైనంక ఎక్కడ తెరిచినా మారదు. గని ఇగ అది అక్షరం కాదు, బొమ్మ. మల్ల టైపు చేసి దిద్దరాదు."

"బొమ్మే చెయ్యి" అన్న. నాకు ఎట్లయినా బొమ్మనే గద.

రెండోనాడు కోసిచ్చిండు. నీలిరంగు రేడియం, ఇంత పొడుగు. అక్కర్లేని కాగితం సూదితోని పీకి తీసెయ్యాలె. నేను తలకట్టు పక్కన కాగితం పట్టి గుంజిన. తలకట్టు కూడ చేతికి వచ్చింది. ఒత్తు కాడ పట్టిన, ఒత్తు వచ్చింది. ముక్క మీద ముక్క ఎక్కడ ఎక్కిందో అక్కడల్ల మిషిన్ రెండు దిక్కుల కోసింది. చూసేటందుకు అతికినట్టే ఉన్నది, గని ఏది దేనికి అంటలేదు. దానికేం తెలుసు? గీత ఉన్న కాడల్ల కోస్తది.

బిడ్డ ఊకోలే. తిండి గంటల మల్ల కూసున్నది. ముక్కలన్ని విడగొట్టి ఒక్కటిగ అతికిచ్చింది. అతికినయి, లోపలి ఖాళీలు పూడిపోయినయి. మన అక్షరాలన్ని గుండ్రంగ ఉంటయి, అన్నిట్ల లోపల బొక్క ఉంటది. గా బొక్కలన్ని నల్లగ నిండి ఐదు ఉండలు అయినయి. సేఠ్ అప్పుడే వచ్చి మా ఎనక నిలవడి, "బెన్, యే క్యా, భజియా బనాయా?" అన్నడు, బజ్జీలు చేసినవా అని. ఇంకో తీరు కలిపింది. ఈసారి బొక్కలు వచ్చినయి, గని తలకట్టు ఆనిన కాడ తెల్లగ తెగిపోయింది. "మీ భాషల ఒక్క సీదా గీత లేదా?" అన్నడు సేఠ్. కోపంతోని కాదు. అయినా బిడ్డ మొఖం ఎర్రగయ్యింది.

ఇంటికి నడుచుకుంట వస్తుంటె అన్నది, "అమ్మా, హిందీల ఏపిద్దాం. ఇప్పుడే చేస్త, ఒక్క నిమిషం పని."

"ఒద్దు."

"బాపుకు హిందీ రాదా? నీకంటె మంచిగ మాట్లాడేటోడు."

"మాట్లాడేటోడు. చదివేటోడా?"

"ఇప్పుడు బాపు వచ్చి చదువుతడా?"

నేను నడి సడక్ మీద నిలవడ్డ. అది కూడ నిలవడ్డది. షేర్ ఆటో వాడు ఇద్దరి నడుమ ఆపి, ఎక్కుతరా లేదా అని ఒర్రుతుండు. ఎక్కినం. చెరో అంచుకు కూసున్నం.

మాసికానికి ఇంక వారం ఉన్నదనంగ దుకాణంల కంప్యూటర్ ఖరాబయ్యింది. బాగు చేసేటాయన అంత చెరిపి కొత్తగ చేసిండు. ఫైళ్లు బతికినయి గని ఆ పాత ఫాంట్ పోయింది. మా ఫైల్ తెరిస్తె నల్ల ఉండలే ఉన్నయి. ఆనాడు సేఠ్ వచ్చిండని తొందరల పాతదాని మీదనే సేవ్ చేసిందట. కోసే దుకాణాయన ఎప్పటి ఫైళ్లు అప్పుడే తీసేస్తడట, ఆయన కాడ కూడ లేదు. ఫోన్‌ల తెలుగు కొట్టి దీంట్లకు తెస్తె అక్షరాలు ఎనక ముందు అయి విడివిడిగ పడ్డయి. బిడ్డ కుర్చీల వంగి రెండు చేతుల మొఖం పెట్టుకున్నది. "నాకు చదవస్తలేదమ్మా. ఏది తప్పో నాకు కనపడ్తలేదు" అని ఏడ్చింది. తెలిసినోళ్లకు ఇది చిన్న పనేనని తర్వాత ఎవలో అన్నరు. మాకు తెలిసినోళ్లు ఎవలున్నరు?

మొదట దుకాణంల కోసిచ్చిన ఆ నీలి ముక్కలే నేను బయటికి తీసిన. పారెయ్యలే, క్యాలెండర్ ఎనక అతికిచ్చి పెట్టిన. మాసికం నాడు పొద్దున్నే టాంకీ కాడికి పోయి, స్టీలు తుడిచి, చెక్క స్కేలు ఆన్చి, ముక్క ముక్క చేతితోని పెట్టిన. అక్షరం, మీద తలకట్టు, పక్కన సున్న. జర వంకర వచ్చింది. కార్ఖానా మగోళ్లు కొబ్బరికాయ కొట్టిండ్రు. మా ఊరి దిక్కు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన పేరు పైకి చదివిండు. నిండుగ, మొత్తం చదివిండు. అందరు నీళ్లు తాగిండ్రు. బిడ్డ నా భుజం మీద చెయ్యేసింది. ఆ పూట నాకు బుక్కెడన్నం రుచిగ అనిపించింది.

ఎనిమిది దినాలకు తలకట్టు ఒకటి ఊడింది. అతికి ఉన్న అక్షరమైతె ఒకదాన్ని ఒకటి పట్టుకుంటయి. ఇవి ఎవరికి వాళ్లు. నల్లా తిప్పే తడి చేతులు తాకుతయి, లోపలికెంచి నూలు దుమ్ము వచ్చి అంచుల దూరుతది, అంచు లేస్తది. నేను చీరల దారాలు కత్తిరించే పనికి పోయేటప్పుడు ఆ దారినే పోయి చూసేదాన్ని. కింద పడ్డది దొరికితె గోందుతోని అతికిద్దును. కొన్ని దొరకకపోయేటివి, ఎవలి చెప్పులకో అంటుకొని పోతుండె. వానలు పడ్డంక రోజొకటి. బిడ్డకు చెప్పలే. చెప్తె మల్ల కంప్యూటర్ కాడ కూసుంటది, మల్ల ఏడుస్తది.

ఒకనాడు నేను పోయేవరకు పిల్లలున్న మగోళ్లు ఇద్దరు, కొత్తగ పనికొచ్చినోళ్లు, మనోళ్లే, నీళ్లు తాగుకుంట మిగిలిన అక్షరాలు, సున్నలు చదువుతున్నరు. "ఇదేం పేరురా? మనిషిదా, సున్నం కంపెనీదా?" అన్నడు ఒకడు. రెండోవాడు నీళ్లు ముక్కులకెక్కేదాక నవ్విండు. వాళ్లకు నేనెవల్నో తెల్వదు. తెలిస్తె కాళ్ల మీద పడుదురు, మంచోళ్లే. నేను పక్కకు జరిగి గ్లాసు తీసుకొని తాగినట్టు చేసిన. వాళ్లు లోపలికి పోయిండ్రు, సాంచల చప్పుడు మొదలయ్యింది.

గప్పుడు గోరుతోని మిగిలినయి పీకిన. మొదటి అక్షరం గట్టిగ ఉండె, రాలేదు. గోరు చీరింది. అన్నిట్ల అదొక్కటే మంచిగ అతికింది, దాన్నే పీకుతున్న. జిగట మిగిలితె దాని మీద దుమ్ము పట్టి మల్ల సగం పేరు కనపడ్తదని, ఇంటికి పోయి కొబ్బరినూనె తెచ్చి కొంగుతోని రుద్ది తుడిచిన. స్టీలు ఉత్తగయ్యింది. ఎవలో వచ్చి గ్లాసు పట్టి నిలవడ్డరు, జరిగిన.

ఇంట్ల బిడ్డ నా గోరు చూసి ఏందమ్మా అన్నది. చెప్పిన. "హిందీల ఏపిద్దామా?" అన్నది, మెల్లగ, నాకు కోపమొస్తదేమో అని.

ఏపియ్యి అన్న. అది తల ఊపింది గని లేవలే. నేను కూడ మల్ల అడగలే. టాంకీ గట్లనే ఉన్నది.