ముందు నా మెట్లే

సాయంత్రం పూట గురుమూర్తి వీధిలోకి దిగాడంటే ఇళ్ళల్లో టీవీల సౌండు పెరుగుతుంది. ఆయన మీద ఎవరికీ కోపం లేదు. ఆయన వస్తే సంఘం వార్త ఏదో ఒకటి వస్తుంది, దాని వెనకే ఒక పని వచ్చి పడుతుంది, అదీ భయం. పుంగనూరులోని ఆ కాలనీకి సంక్షేమ సంఘం పెట్టుకున్న రోజు గురుమూర్తి డ్యూటీలో ఉన్నాడు. మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సుకు ఆయన కండక్టరు. మీటింగుకు వచ్చినవాళ్ళంతా తలా ఒక సాకు చెప్పి తప్పుకున్నారు. రాని పాపానికి గురుమూర్తి కార్యదర్శి అయ్యాడు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. పగలంతా బస్సులో నిలబడి, ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుందామనుకునే వేళకు ఈ ఊరేగింపు ఒకటి తగులుకుంది.

వాట్సాప్ గ్రూపు లేదా అంటే, ఉంది. రేపు నీళ్ళు రావు, పట్టి పెట్టుకోండి అని అందులో రాస్తే దండాలు వస్తాయి, గులాబీలు వస్తాయి, శుభోదయాలు వస్తాయి. చదివినవాడు మాత్రం ఉండడు. తెల్లారి కొళాయి ఎండిపోయాక "మాకెవరు సెప్పినారు?" అని ఆయన మీదికే వస్తారు. అందుకే ఇల్లిల్లూ తిరిగి నోటితో చెప్పుకుంటూ పోతాడు. బస్సులో వెనక సీటు దాకా వినపడే గొంతు ఆయనది. ఇప్పుడది కూడా బొంగురుపోయింది.

ఈసారి వార్త పెద్దది. అడిగి అడిగి విసిగిపోయిన తరువాత వీధికి సిమెంటు రోడ్డు, రెండు పక్కలా కాలువలు మంజూరయ్యాయి. షరతు ఒక్కటే. వీధిలోకి ముందుకొచ్చిన మెట్లు, అరుగులు, బండి ఎక్కించుకునే వాలులు ఎవరివి వాళ్ళు తీసేయాలి. లేదంటే పని ఇంకో వార్డుకు పోతుంది. రోడ్డు కావాలని అందరూ అన్నారు. ముందు ఎదురింటివాళ్ళవి తీయించమని కూడా అందరూ అన్నారు. ఎదురింటికి పోతే వాళ్ళకూ ఒక ఎదురిల్లు ఉంది. వీధి ఆ చివర వాళ్ళను కాళ్ళావేళ్ళా పడి ఒప్పించేసరికి ఆయన తలప్రాణం తోకకొచ్చింది. వాళ్ళు పగలగొట్టుకుని, ఇటుకలు పేర్చుకుని, గుమ్మాల్లోకి ఎగిరి ఎక్కుతున్నారు. ఈ చివర మాత్రం కెంపమ్మ అడ్డం పడింది.

కెంపమ్మ ఇల్లు గురుమూర్తి ఇంటికి సరిగ్గా ఎదురు. రెండు ఆవులు పెట్టుకుని వీధికి పాలు పోస్తుంది. ఆమె నోటికి జడిసి పాలల్లో నీళ్ళున్నాయని అనే ధైర్యం కూడా ఎవరూ చేయరు. నిజానికి నీళ్ళు ఉండవు, అది వేరే సంగతి. ఆమె గుమ్మం ముందు నల్లరాతి పలక ఒకటి ఉంది. భర్త వెంకటరమణప్ప శాంతిపురం దగ్గర రాయి కొట్టే పనికి పోయే రోజుల్లో లారీ వాళ్ళను బతిమాలి తెచ్చి వేసిన పలక. ఆయన పోయాక, పొద్దునా సాయంత్రం దానిమీద కూర్చునే ఆమె పాలు కొలుస్తుంది.

"ఈ రాయి తీసేస్తే నేను యాడ కూసోవాల? నీ కాలువలోనా?" అంది కెంపమ్మ.

"కాలువ మీద మూత వస్తాదక్కా. దానిమీద కూసో."

"మూతలు యాడ ఏసినారప్పా మన ఊర్లో? నా మెట్టు పోతాది, కాలువ నోరు తెరుసుకోని ఉంటాది, నేను దాంట్లో పడతా. మీ ప్రెసిడెంటు జయచంద్రను ముందు ఆయన అరుగు తియ్యమను."

గురుమూర్తికి ఆ రోజు నడుము నొప్పిగా ఉంది. ఇంకో మాట వెతుక్కునే ఓపిక లేక, నోటికొచ్చిందే అనేశాడు. "ముందు నా మెట్లేనక్కా. పగలగొట్టే మిషను వచ్చిన రోజు మొదటి దెబ్బ నా ఇంటికే. అది నీ కండ్లతో సూసినాకే నీ రాయి దగ్గరికొస్తాం."

కెంపమ్మ ఆయన మొహంలోకి చూసింది. "మాటేనా?"

"మాటే."

"అయితే సరే."

ఈ సంగతి తెలిసి జయచంద్ర ఉబ్బిపోయాడు. "కార్యదర్శి గారి స్వగృహం నుంచే అభివృద్ధికి శ్రీకారం" అని తామరపువ్వు బొమ్మతో సహా గ్రూపులో పెట్టాడు. ఎన్నడూ ఏదీ చదవని వాళ్ళు దాన్ని మాత్రం చదివారు.

ఆ వారమే కుప్పం బస్టాండులో, బస్సు కదలబోతుంటే నీలిమ ఎక్కింది. గురుమూర్తికి ఒక్కతే కూతురు. అల్లుడు ఉదయ్ కిరణ్ కుప్పం నుంచి రైల్లో రోజూ బెంగళూరు పోయి పనిచేసి వస్తాడు. పిల్ల చెప్పాపెట్టకుండా సంచి పట్టుకుని రావడం చూసి ఆయన గబగబా దగ్గరికి పోయాడు.

"ఏమ్మా, ఒక్కదానివే వస్తాండావు?"

"పుంగనూరుకు ఒక టికెట్ ఇయ్యి నాయనా," అని నవ్వి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. తరువాత గొంతు తగ్గించి, "డ్రైవరన్నను మెల్లగా పొమ్మను," అంది.

గురుమూర్తి చేతిలో టికెట్ మిషను అలాగే ఉండిపోయింది. పెళ్ళయ్యాక నీలిమకు రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ పోయింది. మొదటిసారి ఆయనే సంబరం పట్టలేక వీధి వీధంతా మైసూరుపాకు పంచాడు. ఆ తరువాత తిన్నవాళ్ళందరూ వరసగా పరామర్శకు వచ్చారు. మంచిమాటలే చెప్పారు పాపం. ఒక్కొక్కరు వచ్చి పోయాక పిల్ల గోడ వైపు తిరిగి పడుకునేది. ఇంకోసారి ఆ పరామర్శలు తట్టుకోవడం ఆమె వల్ల కాదని ఆయనకు తెలుసు.

బైరెడ్డిపల్లె దాటేదాకా ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా "మెల్లగాప్పా, మెల్లగా" అంటూనే ఉన్నాడు. వెనక నుంచి ఎవరో "ఏమి కండక్టరప్పా, పెండ్లి ఊరేగింపా ఇది?" అని కేకేశాడు. గురుమూర్తి వెనక్కి తిరగకుండా ముందు అద్దంలో కూతురి మొహమే చూసుకుంటూ నిలబడ్డాడు.

ఇంటికి వచ్చాక భార్య యమున కూతుర్ని పడుకోబెట్టి, ఆయన్ను వెనక వాకిట్లోకి పిలిచింది.

"ఆ మెట్ల పని ఆపించు. కడుపుతో ఉండే బిడ్డ ఇంట్లో ఉండగా ఇల్లు పగలగొట్టేది లేదు. ఒక ఇటుక గూడా కదలగూడదు."

"మెట్లు ఇంటి బయట గదా యమునా."

"పోయినసారి వాళ్ళ అత్తగారింట్లో బాత్రూము కోసరం గోడ కొట్టినారు. గుర్తుండాదా?"

గోడకూ దానికీ సంబంధం లేదని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. గురుమూర్తికి ఇలాంటివాటి మీద నమ్మకమూ లేదు. ఆ మాటే అనబోతుంటే తలుపు దగ్గర నీలిమ కనిపించింది.

"నాకూ తెల్సు నాయనా, గోడ వల్ల కాదని. అయినా సుత్తి శబ్దం వింటే నా పానం నా దగ్గర ఉండదు. ఇంగొకటి, ఎవురికీ సెప్పద్దు. కడుపు అదంతట అదే కనపడేదాకా ఎవురికీ వద్దు."

ఆయన తల ఊపాడు. నమ్మకం లేనివాడు కూడా ఆ మొహం చూశాక గడ్డపార ఎత్తలేడు.

అక్కడి నుంచి ఆయన బతుకు సాకుల బతుకైంది. మొదట డ్యూటీ అన్నాడు, తరువాత మోకాలు అన్నాడు, ఆ తరువాత మంచిరోజు లేదన్నాడు. పని పట్టిన కాంట్రాక్టరు వెంకటేశులు "మెట్లు పగలగొట్టేదానికి ముహూర్తం ఏంది సార్?" అని పగలబడి నవ్వాడు. ఆ చివర వాళ్ళు ముందే పగలగొట్టుకున్నారు కదా, అక్కడి నుంచి మొదలుపెట్టమని గురుమూర్తే అనొచ్చు. అంటే, తన మెట్లు కాపాడుకుంటున్నాడనే అనుమానాన్ని తానే ఖాయం చేసినట్టు అవుతుంది. ఆ అనుమానం అప్పటికే గ్రూపులో తిరుగుతోంది. "అందరి మెట్లూ పగలగొట్టించి సొంత మెట్లకు పూజ చేసుకుంటున్నారు" అని ఎవరో రాశారు. దానికి నవ్వు బొమ్మలు బోలెడు వచ్చాయి. ఎవరి పనుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడో వాళ్ళే ఆ బొమ్మలు పెట్టారు. ఆ రోజు అన్నం సహించలేదు ఆయనకు.

ఇంట్లో జాగ్రత్తలు ఇంట్లో నడుస్తూనే ఉన్నాయి. నీలిమ గుమ్మం దాటదు. ఆమె బట్టలు వెనక వాకిట్లోనే ఆరేస్తారు. యమున కెంపమ్మ దగ్గర పాలు ఎక్కువ పోయించుకోవడం మొదలుపెట్టింది.

"సుట్టాలొచ్చినారా?" అని కెంపమ్మ అడిగింది.

"ఎవురూ రాల్యా. కాఫీ ఎక్కువ తాగుతాండాం," అంది యమున. కెంపమ్మ ఇంకేమీ అడక్కుండా పాలు కొలిచి పోసింది.

చివరికి ఒక ఉదయం మిషను వచ్చేసింది. వీధి మొగలో ఆగి గుర్రుగుర్రుమంటుంటే వీధి వీధంతా గురుమూర్తి ఇంటి ముందు చేరింది. ఆయన డ్యూటీకి పోవడానికి ఖాకీ చొక్కా తొడుక్కుని మెట్ల మీద నిలబడి ఉన్నాడు. వెనక కిటికీ రెక్క మూసుకోవడం వినపడింది.

"ఏమి గురుమూర్తీ, కొబ్బరికాయ కొడదామా?" అన్నాడు జయచంద్ర. చేతిలో కొబ్బరికాయ ఉంది, మొహంలో నవ్వు లేదు. "మాట ఇచ్చింది నువ్వే. నువ్వు బతిమాలితేనే గదా ఆ చివరోళ్ళు కొట్టుకున్యారు. ఈ పొద్దు గూడా ఏదన్నా నొప్పి ఉంటే అందరి ముందరే సెప్పు."

గురుమూర్తి నోరు తెరిచాడు. వెనక సీటు దాకా పోయే గొంతు, ముందున్న నాలుగు మొహాల దాకా కూడా రాలేదు. చెప్తే ఒక్క మాటతో అందరూ వెనక్కి తగ్గుతారు. అయ్యో, ముందే చెప్పకపోయినావా అని చేతులు పట్టుకుంటారు. పొద్దుగూకేలోపు ఆడవాళ్ళంతా పండ్లు పట్టుకుని పిల్ల మంచం చుట్టూ చేరతారు. చెప్పకపోతే ఈ వీధిలో ఆయన మాటకు ఇక విలువ ఉండదు. ముసలితనంలో ఇంత అవమానం ఎందుకు రాసిపెట్టి ఉందో అనుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆపండప్పా మీ మిషను!"

అందరూ తిరిగి చూశారు. కెంపమ్మ తన నల్లరాతి పలక మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"నా రాయి నేను ఇయ్యను. ఈ పక్కకు మిషను వస్తే దానికింద పండుకుంటా. పొయ్యి ఆ కొసన మొదులుపెట్టుకోండి."

"అక్కా! సరే అన్యావు గదా!" గురుమూర్తికి ఎక్కడలేని కోపం వచ్చింది. ఆమెను ఒప్పించడానికే కదా ఇంత దూరం తెచ్చుకున్నాడు.

"అన్యా. ఇప్పుడు ల్యా. నా ఇష్టం."

ఇక వీధి మొత్తం గురుమూర్తిని వదిలేసి ఆమె మీద పడింది. గయ్యాళి అన్నారు, మొండిది అన్నారు, ఆడదని ఊరుకుంటున్నామన్నారు. జయచంద్ర కొబ్బరికాయ ఊపుకుంటూ అరిచాడు. ఆమె ఒక్కొక్కరికీ రెండు మాటలు ఎక్కువే అప్పజెప్పింది. మధ్యలో ఒక్కసారి, గురుమూర్తి భుజం మీదుగా మూసిన ఆ కిటికీ వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. అంతే. గురుమూర్తి కోపం నోట్లోనే ఆగిపోయింది.

మిషను ఊరికే నిలబెట్టుకోవడం ఇష్టంలేని వెంకటేశులు, "ఏదో ఒక కొస సార్, నాకు రెండూ ఒకటే," అని దాన్ని ఆ చివరకు తోలించాడు. కొబ్బరికాయ అక్కడే కొట్టారు.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి జయచంద్ర కాచుకుని ఉన్నాడు. పని ఈ చివర ఎందుకు ఆగిందో సంఘం తరఫున ఇంటింటికీ చెప్పాలట. కెంపమ్మ మొండితనం వల్లనేనని స్పష్టంగా చెప్పాలట, రేపు మాట సంఘం మీదికి రాకూడదట. గురుమూర్తి ఖాకీ చొక్కా కూడా విప్పకుండా ఎదురింటికి పోయాడు.

"అక్కా," అన్నాడు.

కెంపమ్మ చేయి అడ్డం పెట్టింది. "నాకేమీ సెప్పద్దు. నేను అడగల్యా, నువ్వు సెప్పల్యా. ఆ వెంకటేశులు ఈ కొసకు వచ్చేలోపల, సెప్పాల్సింది అదే సెప్పుకుంటాది."

"నీ మొండితనమేనని నా నోటితో ఇంటింటికీ సెప్పమంటాండాడక్కా."

"సెప్పు. కాదన్యావంటే మళ్ళా నీ మెట్ల దగ్గరికే వస్తారు. గట్టిగా సెప్పు, బస్సులో సెవిటి జనాలకు సెప్పినట్ట."

గురుమూర్తి తిరిగాడు. కాళ్ళు లాగుతుంటే ఇల్లిల్లూ ఎక్కి దిగి, కెంపమ్మ వల్లనే పని ఆగిందని చెప్పాడు. ప్రతి గుమ్మంలోనూ ఆమెను తిట్టారు. ప్రతి గుమ్మంలోనూ ఆయన తల దించుకుని విన్నాడు. కొందరు "నిన్ను అనవసరంగా అనుకున్యామప్పా, ఏమీ అనుకోవద్దు" అన్నారు. తిట్ల కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది ఆయన్ను.

తిరిగి వచ్చేసరికి ఆమె పలక మీదే కూర్చుని ఆఖరి పాలు కొలుస్తోంది.

"అందరికీ సెప్పినావా?"

"సెప్పినానక్కా."

"బాగా తిట్నారా?"

"తిట్నారు."

"అయితే నమ్మినారులే," అని కెంపమ్మ, యమున పాలకు పెట్టిపోయిన చెంబు అందుకుంది. కొలత నిండాక ఇంకో కొలత వంచి, "మెట్లు సూసుకోని ఎక్కు, పాలు ఒలికించుకోవద్దు," అంది.