చెవులపిల్లి కొరికిన పుట్టగొడుగు

ఎవరో తిని బతికారన్న ధీమాతో మీరెప్పుడైనా ఏదైనా నోట్లో వేసుకున్నారా? నేను వేసుకున్నాను. ఆ ఎవరో మనిషి కూడా కాదు, ఒక అడవి కుందేలు. ఇది నా హేతువాదం వాంతి చేసుకున్న రోజు కథ.

తెలంగాణ వచ్చిన కొత్తలో మాట. మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిస్తూ, కనబడిన ప్రతి తాయెత్తునూ సొంత పగవాడిలా చూసేవాణ్ణి. మర్రిగూడ దగ్గర మా అవ్వ ఇంట్లో మాత్రం నా మాట చెల్లేది కాదు. మోకాళ్లు వంగిపోయినా ఆమె కాలికి తాయెత్తు కట్టుకుందే గాని, దవాఖాన గడప తొక్కలేదు.

వాన వెలిసిన ఒక పొద్దున గుట్ట పక్క అడవిలో గోధుమరంగు పుట్టగొడుగులు కనిపించాయి. అంచుల మీద పంటిగాట్లు, పక్కనే కుందేలు పెంటికలు. మా దిక్కు అడవి కుందేలును చెవులపిల్లి అంటారు. తువ్వాల నిండా తెంపుకొచ్చాను.

"పుట్ట మీద మొలిచినయే తింటం బిడ్డా. గివి చెట్టు మొదట్ల మొలిచినట్టున్నయి, పారెయ్," అంది అవ్వ.

"చెవులపిల్లి తిన్నదవ్వా. విషమైతే తింటదా? రెండూ గా అడవిల పుట్టినయే. రెండూ మట్టిరంగే. రెండూ జరసేపు కనవడి మాయమైతయి. ఒకటి ఉరుకుతది, ఒకటి ఉరకదు. గంతే తేడా."

"గట్లయితే దాని లెక్క గడ్డి గూడ మేస్తవా?"

"నేను తిని మంచిగుంటే దవాఖానకు వస్తవా?"

అవ్వ నా మొఖం చూసి నిట్టూర్చింది. "మంచిగుంటే గదా."

ఉల్లిగడ్డ, కారం వేసి నేనే వండుకున్నాను. రుచికి ఇప్పటికీ వంక పెట్టలేను. మధ్యాహ్నానికి నా కడుపులో రెండు పార్టీల ఊరేగింపులు ఎదురెదురుగా వచ్చాయి. నేను వాకిట్లో వేపచెట్టును కౌగిలించుకున్నాను.

అవ్వ దవాఖానకైతే వచ్చింది, ఆటోలో నా తల ఒళ్లో పెట్టుకుని.

సెలైన్ ఎక్కిస్తూ డాక్టరమ్మ అడిగింది, "తెల్వని పుట్టగొడుగులు ఎందుకు తిన్నవు?"

"చెవులపిల్లి తిన్నది మేడం."

"ఏడ తిన్నది?" అంది అవ్వ. "ఒక్కొక్కదానికి ఒక్కటే గాటున్నది. కొరికి ఇడిసిపెట్టింది. నువ్వే సాంతం తిన్నవు."

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. అదే ఊపులో అవ్వ మోకాళ్లు కూడా చూసింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ అవ్వ గోలీలు వేసుకుంది. తాయెత్తు మాత్రం విప్పలేదు. నేనూ విప్పమనలేదు. ఇప్పుడు ఆమె ఉంటే, ఎంత ఎగతాళి చేసినా పడి ఉండేవాణ్ణి.

ఇకమీదట ఏ జంతువునూ నా వాదానికి సాక్షిగా పిలవనని నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. మీరు మాత్రం ఎవరు రుజువు చూపించినా, అది నేనే అయినా, అన్ని వైపులా తిప్పి చూడండి. అంతవరకు ఆ గిన్నె పొయ్యి మీద పెట్టకండి.