గిన్నె నడుమ గరుకు

నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో ఎవరి నోట విన్నా ప్లాట్ల మాటే. శేరిగూడ వైపు కాలేజీలు లేచాయి, చేలల్లో హద్దురాళ్లు లేచాయి. ఆ రోడ్డు పక్కనే మా తాత రేకుల షెడ్డు ఉండేది. చెక్కను గిరగిరా తిప్పే లేత్ మిషన్ మీద ఆయన నలభై ఏళ్లు మంచం కోళ్లు చేశాడు. ఇనుప మంచాలు వచ్చాక కోళ్లు అడిగే దిక్కు లేకుండా పోయింది. షెడ్డు అమ్మేద్దామని మా చిన్నాన్న రోజూ పోరు పెట్టేవాడు.

అంతలో పట్నంలోని ఒక దుకాణంవాళ్లు మామిడి చెక్క గిన్నెలు పన్నెండు చేసి చూపించమన్నారు. నచ్చితే ఏడాది పొడవునా పని. "గీ గిన్నెలు వాళ్లకు నచ్చితే షెడ్డు జోలికి రాను" అన్నాడు చిన్నాన్న. తాత తన ప్రాణమంతా ఆ పన్నెండు గిన్నెల మీదే పెట్టుకున్నాడు.

గిన్నె చెక్కడం ఆయనకు పెద్ద లెక్క కాదు. లోపల గరుకు కాగితంతో నున్నగా రుద్దడమే చిక్కు. షుగరు వచ్చి ఆయన వేళ్లు మొద్దుబారాయి, నునుపేదో గరుకేదో తెలిసేది కాదు. అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "జర నీ ఏలు పెట్టి చూడు బిడ్డా, గరుకుంటే చెప్పు, మళ్ల రుద్దుత" అనేవాడు. నాకేమో మనసంతా బయట ఆట మీదే. గిన్నె తిరుగుతుంటే అంచులన్నీ నున్నబడ్డాయి కానీ, అడుగున సరిగ్గా నడుమ గరుకు మిగిలింది. అది నా వేలికి తగిలింది కూడా. అయినా పన్నెండింటికీ "నున్నగుంది తాతా" అనేశాను. ఆయన నమ్మి నూనె పట్టించాడు.

వారం తిరగకముందే, ఇక వద్దన్న మాటతో గిన్నెలు వెనక్కి వచ్చాయి. నూనె ఇంకాక నడుమ గీతలన్నీ బయటపడ్డాయట. మా నానమ్మ వత్తులు చేసే దూది చిటికెడు తెచ్చి, తాత ఒక గిన్నె లోపల తిప్పాడు. దూది నడుమకు రాగానే పీచులై అంటుకుపోయింది. ఆయన నా వైపు చూశాడు. దొంగకు తేలు కుట్టినట్లు నిలబడ్డాను.

"ఎవరు చూసిండ్రు గివి?" అని చిన్నాన్న గద్దించాడు.

"నేనే చూసిన. నా ఏళ్లకు తెల్వలే" అన్నాడు తాత.

ఆ సాయంత్రం నన్ను షెడ్డులో కూర్చోబెట్టి మిషన్ ఆపేశాడు. "మిషన్ ఎంత తిరిగినా నడిమిట్ల చెక్క తిరగది బిడ్డా. గక్కడ మిషన్ ఆపి, చెయ్యే తిప్పాలె" అన్నాడు. నా వేలి మీద తన వేలు పెట్టి, చెక్క నార వెంట మెల్లగా రుద్దించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అది ఇక ఎవరూ కొనని గిన్నె. నాలుగు తిట్టినా నాకు హాయిగా ఉండేది. ఆ ఒక్కటీ నున్నబడేదాకా ఆయన నన్ను లేవనివ్వలేదు.

నెల తిరిగేసరికి షెడ్డు పోయింది. మిషన్ పాత ఇనుములో కలిసింది. తర్వాత రెండేళ్లు తాత గడపలో ఊరకే కూర్చుని వెళ్లిపోయాడు. నా అబద్ధం సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఆ గిన్నెల్లో రెండు నా దగ్గరున్నాయి, ఆ సాయంత్రం రుద్దింది ఒకటి, గరుకుది ఒకటి. ఇప్పుడు నాకూ షుగరు. వేలు పెడితే ఏది ఏదో తెలియడం లేదు. మొన్న మా అమ్మాయిని చూసి చెప్పమన్నాను. ఫోన్‌లోంచి తలెత్తకుండానే ఒక వేలు ఆనించి, "రెండూ నున్నగనే ఉన్నయమ్మా" అంది.

సరే బిడ్డా, అన్నాను. ఇంకేమీ అడగలేదు. తాత నన్ను అడిగాడా?