రెండో కన్ను

"...ఒక కన్నే కదమ్మా చిన్నగా చెయ్యమన్నది? రెండోది ఎందుకు మూసుకుపోయింది మరి?"

"నేను ఒక్కటే చేశాను సార్. సోమవారం భోజనానికి లేచేముందు కూడా చూసుకున్నాను."

"అయితే దెయ్యం వచ్చి చేసిందా? పదకొండు షాట్లు తయారైపోయాయి. బొమ్మ చూస్తే గడియారాలు బాగుచేసేవాడిలా లేడు, కూర్చున్నచోటే కునుకు తీసేవాడిలా ఉన్నాడు."

అవతలి గదిలో దర్శకుడు అమ్మాయిని నిలదీస్తుంటే, చెక్క గోడకి ఇవతల, స్టూడియో మట్టి గదిలో, మాస్టారు చేతిలోని తీగచుట్ట కింద పెట్టాడు. తేలు కుట్టిన దొంగకి అరిచే వీలుండదు. ఆ రెండో కన్ను మూసింది ఆయనే.

ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన ఆ గదిలో మట్టిబొమ్మలు చేశాడు. తీగతో ఎముకలు కట్టి, మట్టి పట్టించి, వెంట్రుకవాసి కదిపి ఫొటో, మళ్ళీ కదిపి ఫొటో. అలా నడిచేవి ఆయన బొమ్మలు. కంప్యూటర్లు వచ్చినప్పుడు, "గాజుపలక మీద గీకితే బొమ్మవుతుందా? బొమ్మన్నాక దాని వీపు తడిమి చూడాలి" అని పదిమందిలో నవ్వాడు. ఆ పని నేర్చుకుని వచ్చిన అన్నగారి కూతుర్ని, ఈ అమ్మాయిని, ఆ స్టూడియోలో చేర్చిందీ ఆయనే. ఏడాది తిరిగేసరికి బొమ్మల ముఖాలు చేసే పనంతా అమ్మాయి దగ్గరికే వెళ్ళింది. "నాకూ నేర్పు" అని అడగడానికి ముఖం చెల్లలేదు. టీ గ్లాసు పట్టుకుని ఆమె వెనక నిలబడి, చూసీ చూడనట్టు చూసేవాడు. అమ్మాయి భోజనానికి వెళ్ళగానే తెర మీద గీసే ఆ పెన్ను పట్టుకునేవాడు.

సోమవారం తెర మీద గడియారాల మనిషి తల ఉంది. ఏళ్ళ తరబడి కంటికి భూతద్దం బిగించుకున్న మనిషి. ఆ కన్ను ఇంకాస్త ముడుచుకోవాలనిపించింది. అనిపించడంలో తప్పు లేదు. చెవులు సరిచేస్తూ అమ్మాయి సిమెట్రీ మీట వేసి ఉంచింది. అది వేస్తే ఇటు నొక్కింది అటు కూడా దానంతటదే నొక్కుకుంటుంది. ఆ సంగతి అప్పటికి ఆయనకి తెలియదు. కన్నొక్కటే తెరనిండా పెద్దది చేసుకుని, మట్టిని బొటనవేలితో అదిమినట్టు మెల్లగా అదిమాడు. బాగా కుదిరిందనుకున్నాడు. సేవ్ చెయ్యడం మాత్రం వచ్చు. చేశాడు. అమ్మాయి వచ్చి, మళ్ళీ తెరిచి చూడకుండా షాట్లు చేసేవాళ్ళకి ఫైలు పంపించేసింది.

తిట్లు పడిన రోజు సాయంత్రం ఆయన ఇంట్లో చెప్పులింకా విప్పకముందే భార్య అడిగింది.

"పిల్ల ఫోన్ చేసింది. దర్శకుడు తిట్టాడట. ఆ పెద్దమనిషితో మీరొక మాట చెప్పలేకపోయారా?"

"చూద్దాంలే."

"చూడ్డానికేముంది? పక్కగదిలోనే ఉన్నారుగా."

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, చాలాసేపు కడుక్కున్నాడు.

మర్నాడు అమ్మాయే మట్టి గదికి వచ్చింది. ఎత్తుపీట మీద కూర్చుని, మట్టి పెళ్ళ ఒకటి తీసుకుని వేళ్ళ మధ్య నలుపుతూ ఉంది.

"బాబాయ్, నేనే చేసుంటాను. సిమెట్రీ తీయడం మర్చిపోయి కన్ను ముట్టుకునుంటాను. గుర్తు రావడం లేదు. తప్పు నాదేనని సార్‌తో చెప్పేశాను."

"నువ్వు చెయ్యనిదాన్ని చేశానని ఎలా చెప్తావే?"

"ఇంకెవరు చేస్తారు? నా కుర్చీలో నేనే కదా కూర్చునేది." నవ్వబోయింది కానీ కుదరలేదు. "ఇక ముఖాలు బయటివాళ్ళకి ఇస్తారట. నాకు బొమ్మల ఇళ్ళలో కుర్చీలూ తలుపులూ చెయ్యడమేనట. నీ పేరు చెడగొట్టాను బాబాయ్. పిన్నికి ఇప్పుడే చెప్పకు."

తల కొట్టేసినట్టయింది ఆయనకి. మట్టి అంటిన చేతులతోనే లేచి అవతలి గదిలోకి నడిచాడు. అమ్మాయి వెనకే వచ్చి గుమ్మంలో ఆగింది. దర్శకుడు తల ఎత్తి, "రండి మాస్టారూ, మీ అమ్మాయి గురించేనా?" అన్నాడు.

"ఆ కన్ను నొక్కింది నేను. సోమవారం, తను భోజనానికి వెళ్ళినప్పుడు. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. నిన్న మీరు తిడుతుంటే గోడవతల విన్నాను కూడా."

దర్శకుడు పెన్ను కింద పెట్టాడు. మాస్టారు గుమ్మం వైపు చూడలేకపోయాడు.

"ముఖాలు అమ్మాయి దగ్గరే ఉండనివ్వండి. మట్టి గది మూసేస్తున్నాను. ఆ కుర్చీలూ తలుపులూ నాకివ్వండి, ఆమె పక్కన కూర్చుని నేర్చుకుంటాను."