ఒంటిగంటకు ఆగే భూకంపం

కోరుట్లలో మైక్‌సెట్లు కిరాయికిచ్చే జలపతికి ఏ డబ్బా కనబడినా మూత విప్పందే నిద్రపట్టదు. పెళ్లయిన కొత్తలో అత్తగారింట్లో గోడగడియారం విప్పి బిగించేసరికి రెండు స్క్రూలు మిగిలాయి. గడియారం మాత్రం ఇంతకుముందు కంటే బాగా నడిచింది. "ఆ రెండు దండుగయి మామా" అని చెప్పి, వాటిని జేబులో వేసుకుని వచ్చేశాడు. కల్లు గీయడానికి తాళ్లెక్కే తండ్రి వెంట పోనని, తొమ్మిదో తరగతి తప్పినప్పటి నుంచి రేడియోల షాపులో కూర్చుని నేర్చుకున్న విద్య అది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. జగిత్యాలలో ఒక కాలేజీ ప్రహరీ గోడకు ఆనుకుని రిలే నిరాహార దీక్షల టెంటు వేశారు. అక్కడ మైకు జలపతిదే. పొద్దున పదింటికి బండి మీద వచ్చి మోగించడం, సాయంత్రం ఐదింటికి కట్టేయడం.

2011 వానాకాలం మొదట్లో గోడకు అవతల, కాలేజీ వెనకగదిలో, హైదరాబాదు పరిశోధనా సంస్థ వాళ్లు భూకంపాలను పసిగట్టే మిషన్ ఒకటి పెట్టారు. భూమిలో పాతిన డబ్బా, దాన్నుంచి గదిలోకి వైరు. గదిలో మెల్లగా తిరిగే కాగితపు చుట్ట మీద ఒక పెన్ను. భూమి వణికితే పెన్ను వణుకుతుంది. రోజూ కాగితం మార్చే పని కాలేజీ అటెండర్ దేవదాసుది. వాళ్ల చర్చి మైకు ఏ క్రిస్మస్‌కు మొరాయించినా బాగుచేసేది జలపతే కాబట్టి ఇద్దరికీ మంచి దోస్తానా.

ఒకరోజు దేవదాసు మొహం వేలాడేసుకుని టెంటు దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మిషన్‌కు పిచ్చి లేసింది. దినాం భూకంపమే గీస్తున్నది. హైదరాబాదు సారు ఫోన్ల ఒకటే తిట్టుడు, గదిల డాన్సు చేస్తున్నవా అని."

జలపతి కళ్లు దీపావళి అయ్యాయి. "నాకు సూపియ్యి తమ్మీ!"

ఒంటిగంటకు మైకు ఆపి, టిఫిన్ డబ్బా చేతపట్టుకుని గదిలోకి వెళ్లాడు. పెన్ను సాఫుగా, దారం పోగులా గీస్తోంది.

"ఏదిరా పిచ్చి? బుద్ధిగనే ఉన్నది కదా."

"నువ్వచ్చినవంటే గంతే. పంతులును సూసిన పోరని లెక్క గమ్మునుంటది."

ఆ మాట జలపతికి తెగ నచ్చింది. "మిషన్లకు నేనంటే జర భయం" అంటూ అక్కడే కూర్చుని అన్నం తిన్నాడు. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. అతను వెళ్లి చూస్తే పెన్ను నిద్రపోయేది, అతను పోగానే గంతులేసేది.

వారం తిరిగేసరికి జలపతి తన మొదటి సిద్ధాంతం ప్రకటించాడు: ఇదంతా సెల్‌టవర్ పని. చపాతీలు చుట్టే వెండి కాగితం తెచ్చి మిషన్ వైరును ఆ చివర నుంచి ఈ చివర దాకా పెళ్లికూతురిలా ముస్తాబు చేశాడు. అతను అటు పోగానే పెన్ను మరింత హుషారుగా ఎగిరింది. మర్నాడు హైదరాబాదు నుంచి తనిఖీకి వచ్చిన ఇంజినీరు కరుణాకర్ ఆ అలంకారం చూసి నోరు తెరిచాడు.

"ఎవరండీ మీరు? ఏం చదువుకున్నారు?"

"తొమ్మిది ఫెయిల్ సార్. గందుకే ఏదన్న ధైర్యంగ జెప్త."

కరుణాకర్ నవ్వాపుకోలేక ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లాడు. అదే అతను చేసిన తప్పు. రోజుకు మూడు ఫోన్లు.

రెండో సిద్ధాంతం సిరిసిల్ల సాంచాలు. వేల మరమగ్గాలు ఒక్కపెట్టున టకటకలాడుతుంటే ఆ దరువు భూమిలోంచి జగిత్యాల దాకా పాకుతోందని జలపతి వాదన. పాత స్పీకర్ పరదాకు రాయి కట్టి, దానికో మీటరు తగిలించాడు. కరెంటిస్తే ఊగే స్పీకరు, ఊపితే కరెంటివ్వదా? ఆంప్లిఫయర్‌కు తాళం వేసి, టెంటులో వాళ్లు "మైకేదిరా?" అని మొత్తుకుంటున్నా వినకుండా, దాన్ని సంచిలో వేసుకుని సిరిసిల్ల పోయాడు.

ఒక సాంచాల కార్ఖానాలో గచ్చు మీద స్పీకరు బోర్లించగానే మీటరు ముల్లు పూనకం వచ్చినట్టు ఊగింది. జలపతీ దానితో పాటే ఊగాడు. చెవిలో వేలు పెట్టుకుని దేవదాసుకు ఫోన్ చేశాడు.

"ఇక్కడ సాంచాలన్ని ఫుల్లు నడుస్తున్నయి! పెన్ను ఎట్లున్నది?"

"పొద్దటి సంది సప్పుడు లేదన్నా. సక్కగ గీస్తున్నది."

సిద్ధాంతం అక్కడికక్కడే కూలింది. పక్కనే సాంచ నడుపుతున్న పెద్దమనిషి జాలిపడి చాయ్ తాగించాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని జలపతి భార్య మంజులకు పెన్ను గీసిన కాగితాలు పరిచి చూపించాడు. "పదింటికి షురువైతది. ఒంటిగంటకు ఆగుతది. రెండింటికి మళ్లా షురువు. ఐదింటికి బంద్. గీ రాకాసెవరో తెలుస్తలేదు."

మంజుల కూర గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. రోజూ ఒంటిగంటకు ఫోన్ చేసి తిన్నావా అని అడిగేది ఆమే.

"దీక్షల కూసున్నోళ్లు ఒంటిగంటకు అన్నం తింటరా?"

"ఎట్ల తింటరు? నిరాహార దీక్ష కదా."

"మరి ఆడ తినేదెవరు?"

జలపతి ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. సిరిసిల్ల పోయిన రోజు మైకుకు తాళం. గదిలోకి పోయిన ప్రతిసారీ మైకు బంద్. మంజుల గరిటె కిందపడేసి, గోడ పట్టుకుని నవ్వింది. "రాకాసికి ఇంకింత పప్పెయ్యాల్నా?"

తెల్లారగానే జగిత్యాల ఉరికాడు. తన మైకు ఎర్త్ రాడ్ గోడ వెంబడి దిగి ఉంది. గోడకు అటువైపు, మూరెడు దూరంలో మిషన్ ఎర్త్. పాట ఎత్తుకున్నప్పుడల్లా తన ఆంప్లిఫయర్ కరెంటు ఆ దారినే వెళ్లి పెన్నును ఆడిస్తోంది. రాడ్ పీకి రోడ్డవతల దిగ్గొట్టాడు. మైకు మోగినా పెన్ను పడుకునే ఉంది.

"సార్, దొంగ దొరికిండు" అని కరుణాకర్‌కు ఫోన్ చేశాడు. "మూడో సిద్ధాంతం నేనే."

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు బావులు ఆగాయి, కరెంటు కోతలు ముదిరాయి. మిషన్ బ్యాటరీ దిగిపోతోందని దేవదాసు బెంగపడితే, పద్దెనిమిదో తేదీ, ఆదివారం సాయంత్రం, జలపతి తన మైకు బ్యాటరీ మోసుకొచ్చి తగిలించాడు. ఆరు దాటి పావుగంట కాలేదు. పెన్ను ఒక్కసారి ఉలిక్కిపడింది. కాసేపటికి కాగితం ఈ అంచు నుంచి ఆ అంచుకు కొట్టుకోసాగింది.

"అన్నా! మళ్లా నీ మైకే!"

"మైకు బ్యాటరీ నీ మిషన్‌కే ఉన్నది కదరా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరుక్షణం భుజాలు పట్టుకుని గెంతబోయి, పెన్ను పాడవుతుందని గాల్లోనే ఆగినంత పని చేశారు. జలపతి కరుణాకర్‌కు ఫోన్ కొట్టాడు.

"సార్, గిది నాది గాదు! భూమిదే!"

"అవును జలపతిగారూ" అన్నాడు కరుణాకర్. "సిక్కింలో వచ్చింది. పెద్దది. మీ గీత ఎలా ఉంది?"

"కాగితం నిండ అల్లుకున్న సన్నజాజి తీగ లెక్క ఉన్నది సార్."

రాత్రి టీవీలో కూలిన ఇళ్లు చూశాక ఆ గెంతులకు సిగ్గేసింది. సోమవారం పొద్దున, ఎన్నడూ మైక్ టెస్టింగ్ తప్ప ఇంకో మాట అనని జలపతి, టెంటులో మైకు తీసుకుని, అక్కడ చచ్చిపోయినోళ్ల కోసం ఒక్క నిమిషం లేచి నిలబడమని అడిగాడు. జెండాలు పట్టుకున్న వాళ్లంతా లేచారు.

సమ్మె ముగిశాక కరుణాకర్ మిషన్‌ను రద్దీ లేని చోటికి మార్చాలనుకుని, జాగా వెతకడానికి జలపతినే వెంట తీసుకెళ్లాడు. గుడి ఉన్న కొండగట్టు దాపులో మంచి బండ దొరికింది. నెల తిరగకుండానే మిషన్ మళ్లీ ఎగిరెగిరి పడింది. జలపతి బండి మీద అరటిపళ్ల గెల కట్టుకుని బయలుదేరుతూ ఫోన్ చేశాడు.

"సార్, నాలుగో సిద్ధాంతం. కోతులు."